సూక్ష్మదర్శినిలో ముఖ్య భాగం బీరువా

సూక్ష్మదర్శినికి ఎన్ని భాగాలని అడిగితే పాఠ్యపుస్తకం కన్ను పెట్టి చూసే ఐపీస్‌తో మొదలుపెడుతుంది. ఇది శుద్ధ తప్పు. మొదటి భాగం ఇనుప బీరువా. రెండోది దాని తాళం. మూడోది, ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉందో తెలిసిన అటెండర్. ఈ మూడూ సరిగ్గా పనిచేస్తే పరికరం ఎన్నేళ్లయినా కొత్తగానే ఉంటుంది. దేవరకొండ వైపు మా బడిలో నేను చదివినన్నాళ్లూ ఇవి ఒక్కరోజు కూడా మొరాయించలేదని గర్వంగా మనవి చేసుకుంటున్నాను.

అలాగని పరికరాన్ని వాడలేదనకూడదు. ఏటా దసరాకు ఆయుధపూజలో వాడేవాళ్లం. బంతిపూల దండ వేయడానికి వీలుగా పైన ఒక గొట్టం ఉంటుంది. దాన్నే బాడీ ట్యూబ్ అంటారు.

మిగతా భాగాలన్నీ బొమ్మ గీసి నేర్చుకున్నాం. పరికరం ఎదురుగా లేకపోతే బొమ్మ ఎంత స్వేచ్ఛగా వస్తుందో గీసినవాళ్లకే తెలుసు. పట్టుకునే ఆర్మ్‌ను నేను మా వాడకట్టు బోరింగు చెయ్యిలా గీశాను. పూర్తి మార్కులు పడ్డాయి.

తొమ్మిదిలో ఉండగా తనిఖీ వస్తుందని కబురు అందింది. బీరువా తెరుచుకుంది. అటెండర్ ఒక చెయ్యి ఆర్మ్ మీద వేసి, రెండో చెయ్యి అడుగున పెట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. మోయాల్సిన పద్ధతి అదే. మా బడిలో ఆ పాఠం చదవనిదీ, సరిగ్గా చేసిందీ ఆయనొక్కడే. సార్ కింది అద్దాన్ని నేరుగా సూర్యుడి వైపు తిప్పబోతే ఆపింది కూడా ఆయనే.

"కండ్లు పోతయ్ సార్. కిటికీ తానికి జరుపుండ్రి, మొగులు ఎలుగు సాలు."

సార్ ఉల్లిపాయ లోపొర ఒలిచి స్లైడు మీద పరిచి, నీటిచుక్క, అయోడిన్ చుక్క వేశారు. ఇంతవరకు శాస్త్రీయమే. పైన కప్పే పల్చటి గాజుముక్కను, అంటే కవర్ స్లిప్‌ను, ఒక అంచు ఆనించి, వాలుగా, మెల్లగా దించాలి. సార్ చేపల మార్కెట్లో చేపను పడేసినట్టు పడేశారు. పెద్ద లెన్సు పెడితే పెద్దగా కనిపిస్తుందన్న సిద్ధాంతంతో 4ఎక్స్, 10ఎక్స్‌లను చిన్నపిల్లల లెన్సులుగా కొట్టిపారేసి, నేరుగా 40ఎక్స్ తిప్పారు. ఐపీస్ 10, అది 40, వెరసి 400 రెట్లు. లెక్క మాత్రం తప్పలేదు. కన్ను ఐపీస్‌కు ఆనించే, లెన్సును దించే పెద్ద మరను కిందికి తిప్పుతూ పోయారు. టప్‌మంది. కవర్ స్లిప్ పగిలింది.

ఉన్న పద్ధతి ఏమిటంటే, చిన్న లెన్సుతో మొదలుపెట్టి, పక్కనుంచి చూస్తూ లెన్సును స్లైడు దగ్గరికి తెచ్చి, ఆ తర్వాత కన్ను పెట్టి, దూరం జరుపుతూ బొమ్మను పట్టుకోవాలి. 40ఎక్స్‌కు వెళ్లాక పెద్ద మరను ముట్టుకోకూడదు, చిన్న మర చాలు. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనిపించే జాగా తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. ట్రాక్టర్ ట్రాలీని రివర్స్ చేసినవాడికి దీన్ని నేర్పక్కర్లేదు.

రెండో స్లైడు తయారైంది. అధికారి వంగి చూశారు. నల్లటి అంచుతో గుండ్రంగా ఏదో కనిపించింది.

"న్యూక్లియస్ మంచిగొచ్చింది" అని మెచ్చుకున్నారు.

అది గాలిబుడగ. క్లాసు క్లాసంతా రికార్డుల్లో ఆ బుడగనే గీశాం, కింద సంతకం కూడా పడింది. నాకు మాత్రం నా కనురెప్ప వెంట్రుకలు కనిపించాయి. గీస్తే మార్కులు రావని నేనూ బుడగే గీశాను. ఉల్లిపొర కణాలు ఇటుకల వరసల్లా ఉంటాయని డిగ్రీలో నల్లగొండ వచ్చాకే చూశాను.

ఆ రోజు మా క్లాసు అమ్మాయి ఒకతె గ్లాసులో బోరునీళ్లు తెచ్చింది. "సార్, ఇండ్ల ఫ్లోరైడ్ జూపియ్యుండ్రి" అంది. సార్ ఒక చుక్క వేసి చూసి, ఏమీ కనిపించట్లేదు, నీళ్లు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఆయన చెప్పిన మొదటి సగం నిజమే. మామూలు వెలుగుతో చూసే సూక్ష్మదర్శినికి 0.2 మైక్రోమీటర్ల దగ్గర హద్దు ఉంది. నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్ అయాన్ దానికంటే ఎన్నో రెట్లు చిన్నది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది లెన్సుతో తేలదు, నీటి పరీక్షతోనే తేలుతుంది. ఆ అమ్మాయి నవ్వినప్పుడు పళ్ల మీద, ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే గోధుమరంగు చారలు కనిపించేవి. వాటికి ఏ రెట్లూ అక్కర్లేదు. అయితే పళ్లు చూడటం తనిఖీ పత్రంలో లేదు.

మా బీరువా గొప్పతనం తెలియాలంటే రోనాల్డ్ రాస్‌ను చూడాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంఖా కూడా ఊపనివ్వలేదట. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయని, మిగిలిన ఒక్క ఐపీస్‌కూ పగులొచ్చిందని ఆయనే రాసుకున్నాడు. ప్రభుత్వ ఆస్తి మీద ఇంత నిర్లక్ష్యం! 1902లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. మా బడిలో అయితే రికవరీ పెట్టేవాళ్లు.

మొన్న బడికి వెళ్లాను. పాత పరికరం పక్కనే కొత్తది చేరింది. అద్దం బదులు ఎల్‌ఈడీ బల్బు, చూడముచ్చటగా ఉంది. పైన ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. ఒకసారి చూడొచ్చా అని అడిగాను.

"చూడున్రి" అన్నాడు కొత్త అటెండర్, బీరువా అద్దాన్ని తువ్వాలతో తుడుస్తూ. తాళంచెవి మాత్రం బదిలీ అయిన సార్‌తోపాటు మిర్యాలగూడ పోయిందట.