కెంపుకు చిల్లు సహజమే

కెంపుకు చిల్లు ఉంటుందా? ఉంటుందట. కోట్ల ఏళ్లు నీటిధార ఒకేచోట పడీ పడీ, ఈ కొస నుంచి ఆ కొస దాకా, సరిగ్గా సూదీదారం పట్టేంత చిల్లు దానంతటదే పడుతుందట. ఈ సంగతి తెలియక పూసలకి చిల్లులు పొడుస్తూ కళ్లు పోగొట్టుకుంటున్న పనివాళ్లని తలుచుకుంటే జాలేస్తోంది. బస్తాడు పూసలు గోస్తనీ నదిలో పారేసి కాస్త ఓపిక పడితే సరిపోయేది.

ఈ శాస్త్రసత్యం నాకు తలకి 4,999 రూపాయలకి తెలిసింది. జీఎస్టీ అదనం.

మొదలు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో. ‘వీకెండ్ క్యాంప్! అనంతగిరి కొండల కింద, గోస్తనీ ఒడ్డున టెంట్లు, క్యాంప్‌ఫైర్, బొంగు చికెన్, రత్నాల వేట. దొరికింది దొరికినవాళ్లదే.’ ఆ చివరి ముక్క దగ్గర మా తోడల్లుడు పడిపోయాడు. తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి పడగానే జనం పొలాల్లో వజ్రాలు ఏరుకుంటున్న వార్త టీవీలో వస్తే, ఆ రోజంతా అన్నం సయించని మనిషి. ‘అన్నయ్యా, వాళ్లకి వజ్రాలుంటే మనకి కెంపులుండవా?’ అన్నాడు. టికెట్లు కొనేశాడు, నాది కూడా. డబ్బులు తరవాత అడిగి తీసుకున్నాడు.

అసలు విశాఖపట్నంవాడు ఎర్రరాయి చూడటానికి డబ్బు కట్టడమే నగుబాటు. కైలాసగిరి ఎక్కి ఏ బండని దగ్గర్నుంచి చూసినా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు, అసలైన రత్నజాతి రాళ్లే. ఆ బండ పేరు ఖొండలైట్, మన కొండల్లోని ఖోండుల పేరే దానికి పెట్టారు. భీమిలి ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుక మీద నలుపు, ఎరుపు చారలు పడతాయే, అందులో నలుపు ఇల్మనైట్ అనే ఖనిజం, ఎరుపు గార్నెట్. కొండ అరిగి, ఏరు మోసుకొచ్చి, సముద్రం ఆరబోసిన సరుకది. టికెట్ లేదు. అంటే ఆ క్యాంపువాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు. నా కడుపుమంట అక్కడే.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి మేం 22 మందిమి మోకాలి లోతు నీళ్లలో, చేతిలో తలో జల్లెడతో నిలబడ్డాం. మెడ మీదికి గుడ్డ వేలాడే టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు ‘జెమ్ మాస్టర్’ని అని పరిచయం చేసుకున్నాడు. జల్లెడని నీళ్లలో గుండ్రంగా ఆడిస్తే బరువైన రాళ్లు మధ్యకి చేరతాయన్నాడు. ఆ రెండు రోజుల్లో అతని నోట వచ్చిన నిజం ఇదొక్కటే. మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ నీటికంటే 2.65 రెట్లు బరువు, గార్నెట్ దాదాపు 4 రెట్లు. ఆడించగా ఆడించగా నా జల్లెడ మధ్యలో ఎర్రటి నలుసులు గుప్పెడు మిగిలాయి. సంబరంగా చూపించాను.

‘చెత్త సార్ అది. పారేయండి.’

పారేశాను. 22 మందిమీ నిఖార్సయిన గార్నెట్‌ని గోస్తనిలో పారబోసి, గాజుముక్కల కోసం వంగాం.

దొరికాయి, దొరక్కేం! పావుగంట తిరక్కుండా, 20 గజాల ఏటిలో, కెంపు, పచ్చ, నీలం, పుష్యరాగం అన్నీ పక్కపక్కనే. భూమి పుట్టాక ఇన్ని జాతుల రాళ్లు ఇంత సఖ్యంగా ఒక్క గుంటలో పడుకోవడం ఇదే మొదటిసారి అయుంటుంది. అక్వేరియంలో పరిచే గులకరాళ్ల నునుపు, అదే సైజు. ఒకావిడకి ముత్యం దొరికింది. గోస్తనిలో. ఏ ఆల్చిప్ప భీమిలి నుంచి ఎదురీదుకుంటూ అనంతగిరి దాకా వచ్చి కనిపోయిందో మరి. దానికీ చిల్లే. పగడం మాత్రం ఎవరికీ తగల్లేదు, ఆ వారం స్టాకు రాలేదనుకుంటా.

అప్పుడు మా తోడల్లుడు కేక పెట్టాడు. అతని అరచేతిలో రేగిపండంత ఎర్రరాయి. నేను మెల్లగా చిల్లు చూపించాను. అతను దాన్ని కంటికి ఆనించుకుని, ఆ చిల్లులోంచే నావైపు జాలిగా చూశాడు. జెమ్ మాస్టర్ పరుగెత్తుకొచ్చి పైన చెప్పిన శాస్త్రం చెప్పాడు.

‘మరి చిల్లులో దారప్పోగు ఉందేంటి బాబూ?’

‘నాచు సార్.’

‘తెల్ల నాచా?’

‘రేర్ సార్.’

తోడల్లుడి కళ్లు చెమర్చాయి. రేర్ నాచు ఉన్న రేర్ కెంపు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఇది పూస అన్నాను, గాజు అన్నాను. అప్పుడా కుర్రాడు చాలా ఓర్పుగా, నర్సరీ పిల్లాడికి చెప్పినట్టు, ‘సార్, మేం రాళ్లు అమ్మట్లేదు. ఎక్స్‌పీరియెన్స్ అమ్ముతున్నాం’ అన్నాడు.

ఈ మాటకి ఇక అడ్డం లేదు. టెంటు జిప్పు పడకపోతే ఎక్స్‌పీరియెన్స్. బాత్రూం లేకపోతే రా ఎక్స్‌పీరియెన్స్. బొంగు చికెన్ కుక్కర్లో ఉడికి, తరవాత బొంగులోకి దిగినా అదే. రేపు మా వీధి చెరుకురసం బండివాడు గ్లాసు నిండా ఐసు పోసి, రసం కాదు సార్ ఎక్స్‌పీరియెన్స్ అంటే నేనేం చెయ్యను?

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నాను. రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు జెమ్ మాస్టర్ ‘ఒక థ్రిల్లింగ్ స్టోరీ’ మొదలెట్టాడు. గొలుగొండ మండలం కరక కొండ, రంగురాళ్లు, అర్ధరాత్రి తవ్వకాలు. కూలీలు గోతిలోకి దిగడం, మట్టి కూలడం అభినయించి చూపించాడు. ‘నెక్స్ట్ సీజన్ అదే థీమ్‌తో నైట్ హంట్ ప్లాన్ చేస్తున్నాం’ అన్నాడు. చప్పట్లు పడ్డాయి.

థీమా? కరకలో దొరికేది గాజు కాదు. వైడూర్యం, అలెగ్జాండ్రైట్. ఎక్కడో ఉరల్ పర్వతాల్లో దొరికితే రష్యా చక్రవర్తి పేరు పెట్టుకున్న రాయి. అందులో ఉన్న కాస్త క్రోమియం వల్ల పగటి వెలుగులో పచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. దానికోసం బావిలాంటి గోతుల్లోకి, గోడలకి కర్ర ఆసరా కూడా లేకుండా, కూలికి దిగినవాళ్లు మట్టిపెళ్లల కింద చచ్చిపోయారు. మనం పేపర్లో సింగిల్ కాలమ్‌లో చదివి పేజీ తిప్పేశాం. బతికి బయటపడ్డవాడి మీద కేసు. రాయి రెండు రంగుల్లో కనిపిస్తుంది గానీ, దాన్ని కొనుక్కుపోయినవాడు ఏ వెలుతురులోనూ కనిపించడు. మాకు కాయితం మీద రాసిచ్చారు కదా, దొరికింది దొరికినవాళ్లదే అని. ఆ ముక్క అక్కడి కూలీకి చెప్పండి చూద్దాం. మేం టెంట్లు వేసుకున్న ఈ అనంతగిరి మండలం సంగతే తీసుకోండి. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి లీజులు చెల్లవని 1997లో తీర్పొచ్చింది. ఆ నేల మీద కూర్చుని, చావుని మసాలాలా చల్లి బొంగు చికెన్‌తో వడ్డిస్తారా? సిగ్గుండాలి. చప్పట్లలో నావీ ఉన్నాయి. అలవాటుగా చేతులు కలిశాయంటే అది సంజాయిషీ కాదు.

ఆదివారం మధ్యాహ్నం సర్టిఫికెట్లు ఇచ్చారు. ‘రత్నాన్వేషి, లెవెల్ 1’. బస్సెక్కాక చార్జరు మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను.

జెమ్ మాస్టర్ టోపీ తీసేసి, ప్యాంటు మడిచి, ఏట్లో ఉన్నాడు. ‘60 వేశాం, 41 తీశారు. ఇంకా 19 ఉండాలిరా, శనివారం బ్యాచ్‌కి కావాలి’ అంటున్నాడు. చుట్టూ ఊళ్లో పిల్లలు, నడుం లోతు నీళ్లలో మునిగి లేస్తున్నారు. రాయికి రెండు రూపాయలట. ఆ రెండు రోజుల్లో ఆ ఏట్లో నిజంగా వెతికినవాళ్లు వాళ్లే. ఒక గుంటడు పైకి లేచి చెయ్యి చాపాడు. అరచేతిలో శనగగింజంత ముదురెరుపు రాయి, గరుకుగా, మూలలు అరిగీ అరక్కుండా.

‘బాబూ, దీనికి బొక్క నేదు. డబ్బులిత్తారా?’

అతను తీసుకుని, వెలుతురుకి పెట్టి, ఇటూ అటూ తిప్పి చూశాడు.

‘మనది కాదురా. పారెయ్.’