‘మనిషి అడుగుపెట్టని ఎడారి’ అట!

ఈ మధ్య ఏ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. కాలేజీ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, చివరికి అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు కూడా నీళ్ల ట్యాంకర్ లెక్కల మధ్యలో పెట్టేశారు. ‘ఆస్ట్రేలియా మధ్యలో మనిషి అడుగుపెట్టని ఎడారి: ఎవరికీ తెలియని 7 నిజాలు’. పైన ఎర్ర ఇసుక ఫోటో, కింద దణ్ణాల బొమ్మలు. అందులో చెప్పిన ఊళ్లన్నీ సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం ఉత్తర, పడమటి భాగాల్లోవి. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు చిల్లర సంగతులు. డింగో కుక్కల్ని ఆపే కంచె చంద్రుడి మీంచి కనిపిస్తుందట. దాదాపు 5,600 కిలోమీటర్ల పొడవున్న మాట నిజమే కానీ అది మనిషెత్తు వల కంచె అండీ. అంత దూరం నుంచి అది కనిపించే కళ్లుంటే ఇవతల మేస్తున్న గొర్రెల్ని కూడా లెక్కపెట్టేసుకోవచ్చు.

కూబర్ పీడీలో ఊరంతా భూమి కిందే ఉంటుందట. అంతా కాదు. 1915లో ఓపల్ రాళ్లు దొరికాక గనుల కోసం వచ్చినవాళ్లు ఆ వేడికి తాళలేక కొండల్లోకి ఇళ్లు తొలుచుకున్నారు, చాలామంది ఇప్పటికీ అలాగే ఉంటున్నారు. పైన మంట పుడుతున్నా లోపల 24 డిగ్రీల దగ్గర చల్లగా ఉంటుంది. మెసేజ్‌లో దీన్ని ‘దయనీయ జీవితం’ అన్నారు. మే నెల కరెంటు బిల్లు చూసుకుని ఆ మాట మళ్లీ అనండి.

ఒంటెలు అక్కడే పుట్టిన జాతి అన్నది ఇంకో నిజమట. 1866లో థామస్ ఎల్డర్ కరాచీ నుంచి నూరుకు పైగా ఒంటెల్ని, వాటిని తోలే మనుషుల్ని ఓడలో రప్పించాడు. వాళ్లలో బలూచీలు, పఠాన్లు, సింధీలు, పంజాబీలు ఉన్నా తెల్లవాళ్లు అందరినీ కలిపి ‘అఫ్గన్లు’ అనేశారు. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే ‘ఘాన్’ రైలుకు ఆ పేరు అలా వచ్చిందే. లారీలు వచ్చి పని పోయాక వదిలేసిన ఒంటెల సంతతే ఇప్పుడు అక్కడ తిరుగుతోంది.

‘చుక్క నీరు ఉండదు’ అన్నదానికి కాస్త ఓపిగ్గా చెప్పాలి. ఆ నేల అడుగున గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే పెద్ద భూగర్భ జలాల నిధి ఉంది, దాని విస్తీర్ణం సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ నీరు ఐర్ సరస్సు దక్షిణ, పడమటి అంచుల్లో వరసగా ఊటలై పైకి వస్తుంది. ‘బబ్లర్’ అనే ఊట దగ్గర మడుగు అడుగున ఇసుక పొంగుతుంది, ఉబ్బి పగులుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ లైను, తర్వాత వేసిన పాత రైలుమార్గం ఆ ఊటల వెంబడే వెళ్లాయి. ఆ ఊటలు అక్కడి ఆదివాసులైన అరబానా వాళ్లకు తరతరాలుగా తెలుసు. ఇక కాటీ తండా అని కూడా పిలిచే ఐర్ సరస్సు సముద్రమట్టానికి 15 మీటర్లు కింద ఉంటుంది. ఎప్పుడో క్వీన్స్‌లాండ్‌లో కుండపోత కురిస్తే ఆ నీళ్లు వారాల తరబడి నడిచి వచ్చి అందులో చేరతాయి. 1974లో నిండిపోయింది కూడా.

ఇప్పుడు నాకు ఒళ్లు మండించిన పాయింటు. ‘బ్రిటన్ అక్కడ అణుబాంబులు పరీక్షించింది, మనుషులే లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.’

ఎవరూ లేరా? ఫ్లిండర్స్ కొండల్లోని వరాట్యీ అనే రాతి గూడులో సుమారు 49,000 ఏళ్ల నాటి మనుషుల జాడలు దొరికాయి. బ్రిటన్ బాంబులు పేల్చిన మారలింగాలో పరీక్షలకు ముందు, 1952లో, ఊల్డియా అనే క్రైస్తవ మిషన్‌ను మూసేసి అక్కడి అనంగు ఆదివాసుల్ని దక్షిణాన యలాటాకు తరలించారు. లేని మనుషుల్ని ఎలా తరలించారో రాసినాయనే చెప్పాలి. 1953 అక్టోబరు 15న ఈము ఫీల్డ్ అనే ఇంకో పరీక్షా స్థలంలో బాంబు పేలాక వాలటినా దగ్గర నల్లటి పొగమంచు మీద పడిందని, జనం జబ్బుపడ్డారని అక్కడివాళ్లు సాక్ష్యం చెప్పారు. అప్పుడు చిన్నపిల్లాడైన యామీ లెస్టర్ తర్వాత చూపు పోగొట్టుకుని, జీవితమంతా ఆ న్యాయం కోసమే కొట్లాడాడు. 1957 మేలో ఒక అనంగు కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మారలింగాలో మార్కూ అనే బాంబు పేలిన గుంత దగ్గర బస చేసి కనిపించింది. సైనికులు వాళ్లకు స్నానాలు చేయించి, వాళ్ల కుక్కల్ని కాల్చేసి, యలాటాకు పంపించేశారు. ఆ తల్లి అప్పుడు గర్భిణి, బిడ్డ చనిపోయి పుట్టింది.

అంత నేల మీద జనాన్ని చూసుకోవడానికి పెట్టింది ఇద్దరే ఇద్దరు గస్తీ అధికారుల్ని. వాళ్లలో మెక్‌డూగల్ ఆ జనం తరఫున మాట్లాడితే, గుప్పెడు మంది కోసం కామన్వెల్త్ ప్రయోజనాల్ని పక్కనపెడుతున్నాడని ప్రభుత్వ ముఖ్య శాస్త్రవేత్త బ్యూట్‌మెంట్ మండిపడ్డాడు. చూశారా, గుప్పెడు మంది ఉన్నారని ఆయనకే తెలుసు! పెద్ద పేలుళ్లు 1957తో ఆగినా ‘చిన్న’ ప్రయోగాలు 1963 దాకా నడిచాయి. వాటిలో టరనాకి అనే చోట సుమారు 22 కిలోల ప్లుటోనియం నేల మీద చిమ్మింది. అది సగానికి తగ్గడానికే 24,000 ఏళ్లు పడుతుంది. 1984లో విచారణకు రాయల్ కమిషన్ వేశారు, 1994లో నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికీ ఏమీ కాకపోతే పరిహారం ఎవరికి ఇచ్చినట్టు, ఒంటెలకా?

ఒక్క విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాడికి ఆధారం ఉంది, ఒప్పుకుంటాను. ఆస్ట్రేలియా రాజ్యాంగంలోని 127వ సెక్షన్ ప్రకారం ఆదివాసుల్ని దేశ జనాభా లెక్కలో కలపకూడదు. 1967లో రిఫరెండం పెట్టి గానీ దాన్ని తీసేయలేదు. కాబట్టి బాంబులు పేలిన రోజుల్లో కాగితం మీద అక్కడ ‘ఎవరూ లేరు’, కరెక్టే. అన్నా క్రీక్ పశువుల ఎస్టేటు ఇజ్రాయెల్ కంటే పెద్దదన్నది కూడా 2016లో అమ్మి విడగొట్టేదాకా నిజమే.

ఆఖరిది: ‘ప్రభుత్వం అక్కడ ఉచితంగా భూమి ఇస్తోంది, మన తెలుగువాళ్లం ఒక కాలనీ కట్టుకుందాం.’ అక్కడ పశువుల ఎస్టేట్లు 42 ఏళ్ల లీజు మీద నడుస్తాయి. అరబానా వాళ్ల హక్కును 2012లో కోర్టు గుర్తించింది. మారలింగా భూములు అనంగు వాళ్లవి, అడుగుపెట్టాలంటే పర్మిట్ కావాలి. ఇంకో పెద్ద ముక్క వూమెరా సైనిక నిషిద్ధ ప్రాంతం. కాలనీ ఎక్కడ కడతారు, క్షిపణులు పడే చోటా? కింద ఇచ్చిన లింకు నొక్కితే ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడుగుతోంది. ఎవరైనా కట్టేసి ఉంటే నాతో వాదించడం ఆపి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు కూడా.