గరగరల వెనక షూబర్ట్

మేనకోడలు: మామయ్యా, పాట పెట్టారా, పోపు వేశారా? ఆవాలు చిటపటలాడుతున్నాయి!

మామయ్య: రెండు నిమిషాలు ఓపిక పడితే చెవి ఆ చిటపటను పక్కన పెట్టేస్తుంది. పాత రికార్డు మరి! 1926లో పియానో మీద కోర్టో, వయొలిన్ మీద తిబో, పెద్ద వయొలిన్‌లాంటి చెల్లో మీద కసాల్స్ లండన్‌లో వాయించిన బి ఫ్లాట్ ట్రియో ఇది, ఆ మూడు వాద్యాలకూ స్వరకర్త షూబర్ట్ రాసిన రచన. మైక్రోఫోనుతో రికార్డు చేయడం మొదలై అప్పటికి ఏడాదే. అంతకుముందు ధ్వనిని పట్టే పెద్ద బాకా ముందు చేరి వాయించేవారు.

మేనకోడలు: చరిత్రకు దండం పెడతాను. కానీ వయొలిన్ స్వరానికీ స్వరానికీ మధ్య జారిపోతోంది. నేనిలా వాయిస్తే మా టీచరుగారు మళ్లీ మొదటినుంచీ వాయించమంటారు.

మామయ్య: కర్ణాటక సంగీతంలో జారు వింటూ పెరిగినదానివి, నువ్వా ఈ మాట అనేది? ఈ రెండో భాగం విను. పియానో ఉయ్యాల ఊపుతుంటే చెల్లో పాట ఎత్తుకుంది. ఇదిగో, ఇప్పుడు వయొలిన్ అందుకుంది. తిబో స్వరాలను పేర్చడు, గొంతుతో పాడినట్టు ఒకదాన్ని మరోదానిలోకి వంచుతాడు.

మేనకోడలు: మన జారును రాగం అడుగుతుంది. ఈయన్ని ఎవరడిగారు? పోనీ, కోర్టో తప్పు స్వరాలు కూడా శైలేనా?

మామయ్య: కాదు, తప్పు తప్పే. ఆయన తప్పులు జగమెరిగినవి. కానీ ఎడమచేయి ముందు పడి, కుడిచేయి రవ్వంత ఆగి రావడం తప్పు కాదు. ఫానీ డేవిస్ అనే పియానిస్టు 1929లో స్వరకర్త షూమన్ ‘బాల్య దృశ్యాలు’ రికార్డు చేసింది. అందులోనూ చేతులు అలాగే విడిపోతాయి. ఆవిడ నేర్చుకున్నది ఎవరి దగ్గరనుకున్నావు? సాక్షాత్తూ షూమన్ భార్య క్లారా దగ్గర!

మేనకోడలు: 1880లలో నేర్చుకున్నది, డెబ్బయ్యేళ్లు దగ్గరపడ్డాక వాయించింది. మధ్యలో నలభై ఏళ్లు. అది క్లారా వాయింపుకు సాక్ష్యమెలా అవుతుంది? పైగా ఆ కాలపు లక్క రికార్డుకు ఒక వైపు నాలుగైదు నిమిషాలే. చోటు చాలదని పరుగెత్తితే మీరు దాన్ని ఆవేశం అంటున్నారేమో!

మామయ్య: అది గట్టి దెబ్బే. కొన్ని రికార్డుల విషయంలో నాకూ ఆ అనుమానం ఉంది. (ఆ లక్క మాత్రం చాలావరకు మన దేశం నుంచే వెళ్లేది, నన్ను తిట్టకు.) కానీ ఇప్పుడు విన్నావే, అందులో తొందర ఎక్కడుంది?

మేనకోడలు: ...ముల్లు కాస్త వెనక్కి పెట్టండి. ఒప్పుకున్నానని కాదు. ఆ జారు ఏ వేలితో జారాడో కనిపెట్టాలి.