వెలుతురు చాలే చోట వైరు బ్రష్షెందుకు?

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఓ పాత గుడి ముందున్న శాసనాన్ని వైరు బ్రష్షుతో రుద్ది, అక్షరాల్లో తెల్ల ఎనామిల్ పెయింటు నింపిన సంగతి పాఠకులకు తెలిసిందే. వాట్సాప్‌లో ఫొటోలు తిరిగాయి, శభాష్‌లూ పడ్డాయి. ఊరి చరిత్ర నలుగురికీ కనబడాలన్న తాపత్రయమే తప్ప చెడగొట్టాలని కాదంటున్నారు రంగు వేసినవాళ్లు. కాదనం. కానీ ఆ ఫొటోను పెద్దది చేసి చూడండి. మూడో వరుసలో రాతి పగులునే అక్షరం అనుకొని రంగు నింపేశారు. పక్కనున్నది సున్నానో, గాటో ఇక ఎవరూ తేల్చలేరు.

ఇది ఈ ఒక్క రాయితో పోదు. అధికారులు వచ్చారు, ‘ఇకమీదట జాగ్రత్త’ అన్నారు, వెళ్లారు. అంటే ఇవాళ చెల్లింది. ఇవాళ చెల్లింది రేపు ఆనవాయితీ.

రాయిని గీకకుండా చదివే దారి లేకనా? 2001లో హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో బీజం పడిన పద్ధతి ఒకటుంది. ఆర్‌టీఐ, అంటే రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్ అంటారు (సమాచార హక్కుతో చుట్టరికం లేదు, పొట్టి పేరొక్కటే కలిసింది). కెమెరాను ముక్కాలి స్టాండు మీద కదలకుండా నిలుపుతారు. రాయి పక్కన నిగనిగలాడే నల్ల గోళీ పెడతారు. లైటును ఒక్కో దిక్కు నుంచి, ఒక్కో ఎత్తు నుంచి చూపిస్తూ నలభై, యాభై ఫొటోలు తీస్తారు. గోళీ మీద మెరుపు ఎక్కడ పడిందో చూసి, వెలుతురు ఎటు నుంచి వచ్చిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆపై తెర మీద ఆ వెలుతురును ఎటంటే అటు తిప్పుకోవచ్చు. అరిగిన గీతకూ నీడ లేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితం. పొద్దుగూకే వేళ ఏటవాలు ఎండలో శాసనం తేటగా కనబడుతుందని మన ఊళ్లలో పెద్దలకు ఎప్పుడో తెలిసిన ముచ్చటే ఇది.

రంగు బొమ్మలకైతే, మాసిన గీతలను పట్టిచ్చే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) ఫొటోలున్నాయి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుడిలో మాసిపోతున్న క్షీరసాగర మథన చిత్రం మీదికీ రేపు ఎవరో కుంచె పట్టుకొని బయల్దేరితే ఏం చెప్పి ఆపుతారు? శాసనానికి చెల్లింది, చిత్రానికి చెల్లదా అంటే జవాబేది? నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయాసోమేశ్వరాలయంలో పగలంతా లింగం మీద కదలని నీడ పడేట్టు స్తంభాలు నిలిపిన గడ్డ మీద, వెలుతురుతో పని తీసుకోవడం రాదంటే నమ్మాలా?

ఇదే ఉమ్మడి జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళితే మురిసిపోయాం. తొలి విడతలో లక్ష శాసనాలను డిజిటల్ చేస్తామని అదే ఏడు కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. పెయింటు పూసిన రాయిని ఎంత గొప్ప కెమెరాతో తీసినా దొరికేది పూసినాయన దస్తూరీయే.

ఇలాంటి పాత ఆనవాళ్లను కాపాడేందుకు రాష్ట్రానికి 2017 నుంచీ వారసత్వ చట్టం ఉంది. స్టాండు, లైటు, గోళీ కొనడానికి టెండర్లు పిలవనక్కర్లేదు. శాసనం ముందు నిలబడి ఫొటో దిగడానికి తీరిక దొరికిన అధికారులకు, ఆ పెయింటు ఎవరి అనుమతితో పడిందని అడుగుతూ ఒక్క కాగితం రాయడానికి దొరకలేదు. పక్క ఊళ్లో డబ్బా మూత అప్పుడే తీస్తున్నారని మాకు ఫోన్లు వస్తున్నాయి.