బెరుకు కుర్రాడి మీద జోకులా?

ఫిల్ కొత్త ఊరికి వచ్చాడు. స్కూల్లో ఎవరితోనూ కలవలేడు. ఇంటికి రాగానే బేస్‌మెంట్‌లోకి దిగి రేడియో సామాను ముందేసుకుని కూర్చుంటాడు. నాన్న వచ్చి ఓ సలహా ఇస్తాడు: స్కూల్లో అందరికీ నచ్చే పిల్లలెవరో కనిపెట్టు, వాళ్లేం చేస్తున్నారో గమనించు. నలుగురూ తననే చూస్తున్నారని బిగుసుకుపోయేవాడికి, నువ్వూ నలుగురినీ చూస్తూ తిరుగు అని మందు రాసిచ్చాడన్నమాట!

1947లో అమెరికాలో కారొనెట్ సంస్థ స్కూళ్ల కోసం తీసిన 'షై గై' (బెరుకు కుర్రాడు) అనే చిన్న సినిమా కథ ఇది. ఫిల్ వేషం వేసిన డిక్ యార్క్ 1964లో 'బివిచ్డ్' టీవీ సీరియల్లో ఏకంగా మంత్రగత్తెకే మొగుడయ్యాడు. బెరుకు ఆ రేంజ్‌లో వదిలింది! కారొనెట్ యజమాని డేవిడ్ స్మార్ట్ 'ఎస్క్వైర్' పత్రిక అధిపతి కూడా. మగవాళ్ల షోకుల పత్రిక నడిపే మనిషే పిల్లలకు బుద్ధులు చెప్పే సినిమాలూ తీయించాడు.

ఇలాంటి స్కూలు సినిమాలు కొన్ని తర్వాత 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' చేతికి చిక్కాయి. 1988లో మినియాపోలిస్‌లోని ఓ లోకల్ చానల్లో మొదలైన కామెడీ షో అది. తెర అడుగున సీట్లు, వాటిలో ఒక మనిషి, రెండు రోబోల నీడలు. సినిమా నడుస్తుంటే వాళ్లు మాటకు మాట తగిలిస్తుంటారు. మన నేల టికెట్ బ్యాచ్ చేసే పనే, కాకపోతే స్క్రిప్టు రాసుకుని మరీ చేస్తారు. అమ్మాయిని బయటికి రమ్మనడానికి టెన్షన్ పడే నిక్ కథ, కారొనెట్ వారిదే, ఆ షోలో బాగా నలిగింది.

వెనకాల ఎవరో కూర్చుని తన గురించి ఏదో అంటున్నారన్నదే కదా బెరుకు పిల్లాడి భయం! ఈ షోలో అదే అక్షరాలా నిజమైంది. అందుకే జోకు ఎవరి మీద పేలుతోందన్నది ముఖ్యం. ఆ సినిమాల్లో అన్నీ తెలిసినట్టు గొంతు సవరించుకుని మాట్లాడే వ్యాఖ్యాత మీద పేలితే పడీపడీ నవ్వుతాను. కుర్రాడి తడబాటు మీద పేలితే మాత్రం నాకు నవ్వు రాదు. ఆ వయసులో నేనూ పెళ్లి పందిట్లో స్తంభం చాటున నిలబడ్డవాడినే.

'షై గై' చివర్లో ఫిల్‌కి స్నేహితులు దొరకడానికి నాన్న సలహా ఎంత పనికొచ్చిందో గానీ, బేస్‌మెంట్‌లో ఒంటరిగా నేర్చుకున్న రేడియో పని బాగా పనికొస్తుంది. అలాంటి సీన్ నడిచినంతసేపైనా వెనక సీట్లవాళ్లు కాస్త నోరు మూసుకుంటే బాగుండనిపిస్తుంది.