మూడో నెల దాటని కసరత్తు

సినిమా తారల రీల్స్ పుణ్యమా అని పిలాటిస్ అనే కసరత్తు పేరు ఇప్పుడు పాలమూరు దాకా వచ్చింది. స్ప్రింగులు, పట్టీలు బిగించిన మంచం లాంటి యంత్రం మీద పడుకుని కాళ్లు చాపడం, ముడవడం ఆ వీడియోల్లో కనిపిస్తుంది. ఆ యంత్రం పేరు రిఫార్మర్. అది లేకుండా చాప మీద చేసేదీ పిలాటిస్సే. 1883లో జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటిస్, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. తర్వాత న్యూయార్క్‌లో జిమ్ పెట్టి నేర్పాడు. పొట్ట లోపలి కండరాలు, నడుము, శ్వాస ఈ మూడింటినీ కలిపి నెమ్మదిగా, అదుపుతో కదిలించడమే ఇందులోని అసలు సంగతి.

ఇది పనిచేస్తుందా? నడుము నొప్పి వరకైతే చేస్తుంది. 2015లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 10 ట్రయల్స్‌ను, అంటే మనుషుల మీద చేసి చూసిన పరీక్షలను, వాటిలో పాల్గొన్న 510 మందిని కలిపి పరిశీలించింది. ఏమీ చేయని వాళ్లతో, నామమాత్రపు చికిత్స తీసుకున్న వాళ్లతో పోలిస్తే పిలాటిస్ చేసిన వాళ్లకు నొప్పి తగ్గింది, పనులు చేసుకోవడం సులువైంది. మిగతా వ్యాయామాల కంటే మేలని చెప్పడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. 2021లో రెండు వందలకు పైగా ట్రయల్స్‌ను పోల్చిన మరో విశ్లేషణలో పిలాటిస్ ముందు వరుసలో నిలిచింది. అక్కడ కూడా తేడా యంత్రాలు కొనిపించేంత పెద్దదేం కాదన్నది నా అభిప్రాయం.

ఈ ట్రయల్స్ సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు నడుస్తాయి. పక్కన ఫిజియోథెరపిస్టు ఉంటారు, హాజరు వేస్తారు, రాకపోతే ఫోన్ చేస్తారు. ఆ వారాలు అయిపోయాక మనిషి ఒంటరి. వ్యాయామం మొదలుపెట్టిన వాళ్లలో దాదాపు సగం మంది ఆరు నెలల్లోపే మానేస్తారని దశాబ్దాలుగా పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. ఏ కసరత్తు మంచిదన్న వాదన మీద ఖర్చయిన కాగితంలో నాలుగో వంతైనా, అది ఎందుకు ఆగిపోతుందన్న దాని మీద పెట్టి ఉంటే బాగుండేది.

నల్గొండకు ఈ పాఠం కొత్త కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు వాడుతుంది. పటిక, సున్నం లెక్కగా కలపాలి, తేరేదాకా ఆగాలి, పైనీళ్లు వంచుకోవాలి. శాస్త్రం ప్రకారం పనిచేసే పద్ధతే. కానీ ప్రతి ఇంట్లో, ప్రతి రోజూ, ఎవరో ఒకరు ఆ పని చేయాలి, ఆ ఎవరో ఒకరు దాదాపు ఎప్పుడూ ఇల్లాలే. అందుకే అది ఇళ్లలో పెద్దగా నిలవలేదు. మిషన్ భగీరథ నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చాకే ఊళ్లకు ఊపిరాడింది. రోజూ శ్రమ అడిగే పద్ధతి ఎంత మంచిదైనా, దాన్ని మానేశారని జనాన్ని తిట్టి లాభం ఉండదు.

ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్ల నడుము నొప్పిని మామూలు నొప్పిగా తీసుకోకూడదు. ఫ్లోరోసిస్, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, ముదిరితే వెన్నెముకలను కలిపే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. నీళ్లు మారినా ఎముకలో చేరింది తొందరగా పోదు. అలాంటి మనిషిని వీడియో చూపించి, వెన్ను చుట్టలా ముడిచి లేవమనడం ప్రమాదం. ముందు ఎక్స్‌రే, తర్వాతే కసరత్తు.

ఇక మన దగ్గర ఎప్పుడూ వినిపించే మాట: ‘పొద్దుగూకేదాక పనిజేస్తనే ఉన్నం గదా, మల్ల కసరత్తేంది?’ దీన్ని నవ్వి తోసేయడానికి వీల్లేదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, భారత్‌లో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి, మహిళల్లో 57 శాతానికి, తగినంత శారీరక శ్రమ లేదని తేల్చింది. అందులో పని, ఇంటి చాకిరీ కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి నాట్లు వేసే, పత్తి ఏరే ఆడవాళ్లు ఆ సగంలో ఉండకపోవచ్చు. అలా పొలంలో పనిచేసే ఆడమనిషి కష్టం శ్రమ తక్కువై వచ్చింది కాదు. గంటల తరబడి ఒకే వైపు వంగి, మధ్యలో విశ్రాంతి లేకుండా చేసే పని గుండెకు, నడుముకు వ్యాయామం ఇచ్చే మేలు ఇవ్వదని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆమెకు కావలసింది ఇంకో అరగంట చెమట కాదు, వంగిన ఒంటిని వెనక్కి తెరిచే పది నిమిషాల కదలిక, కాసేపు కూలబడే హక్కు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర షాపులో రోజంతా కూర్చునే మనిషికి ఇచ్చే సలహాయే ఈమెకూ ఇస్తే అది సలహా కాదు, అన్యాయం.

ఎవరు కొనసాగిస్తారు? తోడున్న వాళ్లు, పక్కనే చోటున్న వాళ్లు, చేయగలనన్న నమ్మకం తొందరగా కుదిరిన వాళ్లు. లండన్‌లో 96 మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 అని లెక్కగట్టారు. నాకు నచ్చింది ఈ అంకెలు కాదు, మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదన్న మాట.

తోడు కోసం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఊరూరా మహిళా సంఘాలున్నాయి. అయితే ప్రభుత్వం ప్రతి పథకాన్నీ వాటి నెత్తినే పెడుతోంది. ఇంకో రిజిస్టర్, ఇంకో ఫొటో అప్‌లోడ్ అంటే వాళ్లే విసుక్కుంటారు, విసుక్కోవాలి కూడా. చేయాల్సింది తక్కువే. మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు ఉండి, సంఘానికి ఇద్దరు చొప్పున ఆడవాళ్లకు ఆరేడు కదలికలు నేర్పి, నెలకోసారి వచ్చి సరిచూస్తే చాలు.

కాలం చూసి మొదలుపెట్టాలి. వానకాలం నాట్లప్పుడు, దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరేటప్పుడు ఎవరూ రారు. ట్రయల్ లెక్కలో వాళ్లు మధ్యలో మానేసిన వాళ్లు, ఊరి లెక్కలో పనిమీద పోయిన వాళ్లు. కాబట్టి పత్తి పని సద్దుమణిగే మాఘంలో మొదలుపెట్టి, నాట్లకు ఆపి, నాట్లయ్యాక మళ్లీ పిలిచే ఏర్పాటు ముందే రాసుకోవాలి. మళ్లీ పిలవడానికి ఒక మనిషి, ఆ మనిషికి ఆ కొన్ని గంటల కూలి. బడ్జెట్‌లో రిఫార్మర్ యంత్రాలకు ముందు రాయాల్సిన పద్దు ఇదే.