నిమ్మరసం పిండితే చేప ఉడికినట్టు కాదు

ఈ వారంలో ఆ సందేశం నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట అమలాపురం నుంచి మా బావగారు పంపారు. నిన్న భీమవరంలో చెరువులున్న స్నేహితుడే పంపాడు. చేపలు పెంచేవాడే నమ్మితే ఇక ఊరుకోలేను. అందులో ఉన్నది ఇది: పచ్చి చేప గుండెకు మంచిదట. నిమ్మరసం, ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఉంచితే పురుగులన్నీ చస్తాయట. గోదావరి చేప తాజాది కాబట్టి భయమే లేదట. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే మరీ మంచిదట. పైన రెండు వెల్లుల్లి రెబ్బలు నమిలితే చాలట.

వెల్లుల్లికి పురుగులు చావవు. పసుపుకూ చావవు. వాటి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

నిమ్మరసం మాటే ప్రాణాల మీదికి తెచ్చేది, ఎందుకంటే అది కంటిని నమ్మిస్తుంది. పులుపు తగలగానే ముక్క తెల్లబడి, గట్టిపడి, ఉడికినట్టే కనిపిస్తుంది. మారింది కండలోని మాంసకృత్తులే; లోపలి పురుగు అలాగే ఉంటుంది. మన కడుపులోని ఆమ్లం ఘాటులో నిమ్మరసానికి తీసిపోదు. దాన్నే తట్టుకుని పేగులోకి చేరే పిల్లపురుగు తిత్తి అరగంట పులుపుకు చస్తుందా? ఈశాన్య థాయిలాండ్‌లో కోయ్ ప్లా అనే వంటకం ఉంది. మంచినీటి చేపలను పచ్చిగా తరిగి, నిమ్మరసం, కారం కలిపి తింటారు. తరతరాలుగా తిన్నారు. ఆ చేపలతో లోపలికి వెళ్ళిన ఒపిస్థార్కిస్ అనే కాలేయపు పురుగు వాళ్ళ పిత్తనాళాల్లో ఏళ్ళ తరబడి బతికింది. దానివల్ల పిత్తనాళ క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది. వాళ్ళు నిమ్మరసం పిండకుండా తిన్నారా? మన నిమ్మకాయలో ఏం మహిమ ఉందని ఈ ధైర్యం?

ఇక తాజాదనం. పురుగు చేపలోకి చేరేది చేప బతికి ఉన్నప్పుడే. వలలో ఎగురుతున్న కొరమీనైనా అంతే. ఆసియాలో ఆ జాతి చేపల్లో నాథోస్టోమా పిల్లపురుగులు ఉంటాయి. అవి మనిషి చర్మం కింద పాకుతాయి, ఒక్కోసారి కంటికీ మెదడుకీ చేరతాయి. సాషిమి అనే పచ్చి చేప వంటకానికి ఎక్కువగా సముద్రపు చేపనే వాడే జపాన్‌లో కూడా, కడుపు గోడకు గుచ్చుకున్న అనిసాకిస్ పురుగులను వైద్యులు ఎండోస్కోపీతో లాగి తీస్తుంటారు.

గడ్డకట్టించడం పనిచేస్తుందన్నది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. గడ్డకట్టించిన చేప కంటే అప్పుడే పట్టిన చేపే అన్నిటికీ మేలని నేనూ ఏళ్ళపాటు వాదించాను. పచ్చిగా తినేవాళ్ళ విషయంలో నా మాట తప్పు. నెదర్లాండ్స్‌లో పచ్చిగా తినే హెర్రింగ్ అనే సముద్రపు చేపను ముందు గడ్డకట్టించి తీరాలని 1968లో చట్టమే చేశారు. అయితే లెక్క ఒక రాత్రి కాదు: మైనస్ 20 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో 7 రోజులు, లేదంటే మైనస్ 35 దగ్గర రాయిలా గడ్డకట్టాక 15 గంటలు. కరెంటు పోయి వచ్చే మన ఇళ్ళలో ఫ్రిజ్ పై అర అంత చలిని వారం రోజులు నిలుపుతుందని ఎవరు హామీ ఇస్తారు? పైగా ఆ చలికి బాక్టీరియా చావదు.

వండేటప్పుడు ముక్క నడిమధ్య వేడి 63 డిగ్రీలు తాకాలి. కుతకుత ఉడికిన పులుసులో ఆ భయం లేదు. నిప్పుల మీద కాల్చిన లావుపాటి పండుగప్పలోనే పైన మాడి లోపల పచ్చి మిగులుతుంది. ముల్లు దగ్గర విడదీసి చూడండి. కండ గాజులా మెరుస్తుంటే మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. పచ్చి చేప కోసిన కత్తితో, కడగకుండా ఉల్లిపాయలు కోయకండి.

బావగారూ, ఆ సందేశం మన కుటుంబం గ్రూపులో ఇంకా ఉంది. పిల్లలు కూడా చదువుతున్నారు. దయచేసి ఈరోజే తీసేయండి.